కొట్టివేత పక్కన పొట్టి సంతకం

మే నెల. కొర్లగుంటలో, జిరాక్స్ అంగడి మీద మా గది.
ఐదుగురం, ఒక ఫ్యాను. రేకుల వేడికి
రాత్రి పదకొండైనా కీబోర్డు చురుక్కుమంటుంది.
దామలచెరువు మామిడి మండీకి
తూకం చీటీల ప్రోగ్రాం రాస్తున్నాం.
కాయ దిగేలోపు కావాలని వాళ్ల తొందర.

"నీ కాపీ పాతబడింది, ముందు కొత్తది తెచ్చుకో" అని
సర్వరు రెండుసార్లు నన్ను గడపలోనే నిలబెట్టింది.
మూడోసారి ఆ కమాండు చివర
ఫోర్స్ అని తగిలించి తోసేసినాను.
కిక్కురుమనకుండా తీసుకుంది.
నాకు నిద్రొస్తోంది. అంతకుమించి కారణం లేదు.

పొద్దున నసీమా
అరువు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.
తన మెషీన్ డిస్కు పాడై ముందురోజే కొత్తది వేయించింది,
పనంతా సర్వర్లో ఉందిలే అన్న ధీమాతో.
"నా మూడు దినాలు యాడికి పోయినాయబ్బా?"
గొంతు పెంచలేదు. ఎవరి వైపూ చూడలేదు.
మూడు దినాలంటే
ట్రాక్టరు ఖాళీ బరువు, దెబ్బకాయ తరుగు,
మునిరత్నం, ఎం. రత్నం, రత్నం నాయుడు
ముగ్గురూ ఒకే రైతని పోల్చుకునే పదహారు లైన్లు.

లాగ్ తెరిస్తే నా పేరు.
పేరు పక్కన నేను రాసిన వివరం: ఫిక్స్.
దాని కింద: మళ్లీ ఫిక్స్.
దాని కింద: ఫైనల్.
ఏం చెడిందో, ఏం బాగుచేసినానో
చదివితే నాకే అర్థం కాలేదు.

ఆదుకున్నది ఢిల్లీరాణి సోమరితనం.
పీలేరులో పెళ్లికని పోయి, భాకరాపేట ఘాట్లో సిగ్నల్ లేక,
ఉన్నచోట పట్టించుకోక,
నా తోపుడు తర్వాత సర్వర్ ముఖమే చూడలేదు ఆమె.
గజేంద్ర ఫోన్లో అరిచినాడు:
"అక్కా, తెరిచేది తెరువు గానీ పుల్ మాత్రం కొట్టొద్దు, నీకు దండం!"
పట్టుచీరల అడుగు నుంచి బయటికొచ్చిన ల్యాప్‌టాప్‌లో
రెండున్నర దినాలు దొరికినాయి.
సగం దినం దొరకలేదు.
ఆ సగం నసీమా మళ్లీ రాసింది.
నేను టీ తెచ్చి పక్కన పెట్టినాను.
చల్లారిపోయింది.

ఆ సాయంత్రమే గజేంద్ర మెయిన్‌కు తాళమేసినాడు.
ఇంగ ఎవరి కొమ్మ వాళ్లది.
ఇంకొకరు చదివి సరేనంటేనే మొదట్లో కలిసేది.
వాళ్ల నాయనది మామిడి నర్సరీ:
"కొమ్మను వారం పైన దాచుకోవద్దు,
ముదిరితే అంటు నిలవదు."

జూలైలో ఒకే లైను మీద ఇద్దరం పడినాం.
టన్నుకు ముప్పై కిలోల తరుగని నేను, నూటికి నాలుగని నసీమా.
మెషీను రెండింటినీ బాణపు గుర్తుల మధ్య నిలబెట్టి
మీరే తేల్చుకోండని తప్పుకుంది.
మునుపైతే నాది ఉంచి ఆమెది చెరిపేసేవాణ్ణి.
పాకాల బస్సెక్కి మండీకే పోయినాం.

గుమాస్తా చెంగల్రాయులు ఎర్ర అట్ట పుస్తకం తిప్పినాడు.
ముప్పై ఏళ్ల లెక్కల్లో యాడా రబ్బరు ముట్టలేదు.
తప్పు అంకె మీద ఒకే గీత, అడుగున ఉన్నది కనబడేటట్టు.
పక్కన పొట్టి సంతకం,
చీమ అక్షరాల్లో ఎందుకు మార్చినాడో.
"వాన దినం ఒక లెక్క, ఎండ దినం ఒక లెక్క సామీ" అన్నాడు.
ఇద్దరమూ తప్పే.

తిరిగొచ్చి మార్పుకు వివరం రాసినాను:
"తడిసిన కాయకు తరుగు వేరు చేశాను."
నసీమా చదివి వెనక్కి పంపింది:
"ఏం చేసినావో కోడే చెబుతుంది. ఎందుకో రాయి."
రాసినాను. ఒప్పుకుంది.

ఆమె తాళాల గుత్తికి ఇప్పుడొక పెన్‌డ్రైవ్ వేలాడుతుంది.
ఇంటికి పోయే ముందు రోజూ అందులోకి ఏదో ఎక్కించుకుంటుంది.
దేనికని నేను అడగను.